కోలారు బంగారు భూమి – అన్వేషణ సాధనములు

కర్ణాటక రాష్ట్రపు తూర్పు సరిహద్దున నున్న కోలారు జిల్లా తెలుగు, కన్నడము, తమిళము మూడును కలసి వర్తించు సీమ. ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారపేట తాలూకాలలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. మైసూరు కమిషనరుగా నుండిన బౌరింగు దొర పేర బౌరింగుపేట యనబడిన యూరు నేడు బంగారపేట యైనది. దొర పేరు పోయి లోహపు పేరు నిలిచినది. ఆ ప్రాంతపు జనుల మనస్సులలో బంగారమున కెంతటి స్థానము కలదో ఈ మార్పే చెప్పుచున్నది.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. గనులు మూతపడినను బంగారముపై ఆశ మూతపడలేదు. నేడు మెటల్ డిటెక్టరు అను లోహశోధక యంత్రము సామాన్యులకు సైతము లభించుచున్నది. దానిని చేతబట్టి నడచినచో భూమియే తన గుట్టు చెప్పునని తలచువారు లేకపోలేదు. ఏ యంత్రము కొనవలెనని వారు ప్రశ్నింతురు. అంతకుముందు వేయవలసిన ప్రశ్న వేరొకటి కలదు: ఆ నేల యెట్టిది? అందలి బంగారము ఏ రూపమున నున్నది? కోలారు చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

శ్రీరంగపట్టణ పతనానంతరము మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును కొలుచు పని లెఫ్టినెంటు జాన్ వారెను అను సైనికోద్యోగికి అప్పగింపబడెను. 1802లో ఆయన ఊరిగాం, మారికుప్పం గ్రామముల పరిసరములలో బంగారము దొరకునను వదంతిని వినెను. బహుమానము ప్రకటింపగా గ్రామస్థులు బండ్లతో మట్టిని తెచ్చి, ఆయన కన్నుల యెదుటనే కడిగి బంగారపు పొడిని చూపిరని ఒక కథ ప్రచారములో నున్నది. మారికుప్పము కడ స్థానికులు అప్పటికే గుంతలు త్రవ్వి, సుమారు 30, 45 అడుగుల లోతున పని చేయుచుండిరి. పురుషులు లోపలినుండి రాళ్లను బుట్టలలో చేతులు మార్చి పైకందింతురు. స్త్రీలు ఆ రాళ్లను బండపై పొడిగొట్టి నీటిలో కడుగుదురు.

ఈ కడుగుటకు మన భాషలో గాలించుట యను చక్కని మాట కలదు. గృహిణి బియ్యమును గాలించునపుడు బరువైన రాళ్లు అడుగున నిలిచి, బియ్యము పైకి తేలివచ్చును. ఆమె అడుగున నిలిచినదానిని పారవేయును. బంగారము గాలించువాడు దానినే దాచుకొనును. రెండింటికిని సూత్ర మొక్కటియే. నీటికంటె పలుగురాయి సుమారు 2.6 రెట్లు, మాగ్నటైటు అను నల్లని ఇనుప ఖనిజము సుమారు 5 రెట్లు బరువు గలవి; బంగారము 19 రెట్లకు పైగా బరువు గలది. కావున గాలించిన కొలది మొదట తెల్లని ఇసుక కొట్టుకొనిపోవును. పిదప నల్ల ఇసుక చారగా మిగులును. ఆ నల్ల చార కొసను పసుపు మెరుగు కనబడును. నల్ల ఇసుక నిలిచినచోట బంగారము నిలుచుటకు అవకాశ మున్నదని గాలించువారు చేతి యనుభవముచేత గ్రహించిరి. వారికది మార్గదర్శి.

వారెను నివేదిక 1804లో ప్రచురితమయ్యెను. దాదాపు ఏడు దశాబ్దముల తరువాత, 1871లో, బెంగళూరు దండులో విశ్రాంతి జీవితము గడుపుచున్న లావెల్ అను ఐర్లండు దేశపు సైనికుడు దానిని చదివెను. ఆయన 1873లో ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టి, 1875లో అనుమతి పొందెను. ధనబలము చాలకపోవుటచే తన హక్కును ఇతరులకు బదలాయించెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగములో ప్రవేశించెను. ఆదిలో పెట్టిన సొమ్ము వృథా యగుచున్నదని అందరును నిరాశ చెందిరి. 1880వ దశకపు నడిమి కాలమున, పూర్వులు త్రవ్వి విడిచిన గుంతల అడుగుననే మరింత లోతునకు పోగా, చాంపియను రీఫ్ అను సుప్రసిద్ధమైన బంగారపు పొర బయటపడెను. పూర్వుల గుంతలే నూతన విజ్ఞానమునకు దారి చూపినవి. 1902లో శివనసముద్రమునుండి ఈ గనులకు విద్యుచ్ఛక్తి వచ్చెను. క్రమముగా గనుల లోతు మూడు కిలోమీటర్లు దాటెను. అవి మూతపడు నాటికి సుమారు 800 టన్నుల బంగారమును దేశమున కిచ్చినవి.

లోహశోధక యంత్రపు చరిత్ర దీనికి సమాంతరముగా వేరుచోట నడచినది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహమున చిక్కిన తుపాకిగుండును కనుగొనుటకు, టెలిఫోను నిర్మాతయైన అలెగ్జాండరు గ్రాహాంబెల్ విద్యుత్సాధనము నొకదానిని ప్రయోగించెను. పడకలోని ఇనుప తీగచుట్టలు ఆ సాధనమును భ్రమింపజేసినవి. వెదకు వస్తువు చుట్టును వేరొక లోహమున్నచో యంత్రము మోసపోవునని నాడే తేలినది. 1937లో గెర్‌హార్డు ఫిషర్ అమెరికాలో ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. రెండవ ప్రపంచయుద్ధమున పోలండు దేశీయుడైన కొసాకి నిర్మించిన మందుపాతర శోధకము ఎల్ అలమీను రణరంగమున ఉపయోగపడెను. 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున, కింగోవరు గ్రామ సమీపమున, నేలకు కొలది అంగుళముల దిగువ నున్న 27 కిలోల బంగారపు గడ్డను ఒక అన్వేషకుడు యంత్ర సహాయముననే కనుగొనెను. నాటినుండి లోకమున యంత్రముపై మోజు హెచ్చినది.

ఈ యంత్రము పనిచేయు తీరు కష్టమైనది కాదు. తీగచుట్ట అయస్కాంత క్షేత్రమును భూమిలోనికి పంపును. అందు లోహమున్నచో దానిలో విద్యుత్ప్రవాహము పుట్టి, ప్రతిగా మరొక క్షేత్రమును పంపును. యంత్రము దానిని శబ్దముగా మార్చును. ఇనుప ఖనిజము నిండిన నేల సైతము బదులు పలుకును. ఆ మ్రోతలో చిన్న బంగారపు పలుకు వినబడకుండ పోవును. ఇనుము నిండిన రాయి ఒక్కొక్కప్పుడు బంగారమువలెనే మ్రోగును. గాలించువానికి మార్గదర్శి యైన నల్ల ఇసుక యంత్రమునకు శత్రువైనది! ఒకే పదార్థము సాధన భేదముచే మిత్రమును శత్రువును అగుచున్నది.

అందువలన ఇట్టి నేలలో యంత్రము నెన్నుకొనుటకు కొన్ని నియమము లేర్పడినవి. వి.ఎల్.ఎఫ్. అను తరగతి యంత్రములు ఎడతెగని తరంగములను పంపును. అందు పౌనఃపున్యము హెచ్చుగా గలవి నూకగింజవంటి బంగారమును సైతము పసికట్టును. కాని ఇనుము దట్టముగా నున్న ఎర్రనేలలో తడబడును. పల్స్ ఇండక్షన్ అను తరగతి యంత్రములు క్షణికమైన విద్యుద్ఘాతమును పంపి, ఆపి, ఆ విరామమున మాత్రమే బదులు వినును. నేల పలుకు త్వరగా అణగిపోవును గాన, లోహపు పలుకు మిగులును. ఇవి దట్టమైన ఖనిజభూమిలో లోతుగా చూడగలవు. వీనిలో చాలవాటికి వెల హెచ్చు. ఇనుప మేకును బంగారమును వేరుపరచు శక్తి తక్కువ. ఏ యంత్రమైనను నేలకు తగినట్లు సరిదిద్దుకొను ఏర్పాటు కలిగియుండవలెను. చిన్న తీగచుట్ట ఒక్కసారికి కొద్దిపాటి నేలనే చూచును గనుక దానికి నేల మ్రోత తక్కువ. పెద్దది లోతు చూచును గాని, మ్రోత హెచ్చు. కొనుటకు ముందు అయస్కాంతమును ఆ మట్టిలో త్రిప్పి, ఎంత నల్లపొడి అంటుకొనునో చూచుట మంచిది. చిన్న సీసపు గుండును అదే నేలలో పాతిపెట్టి పరీక్షించుట అంతకంటె మంచిది.

ఇక కోలారు మాట. అక్కడి బంగారము అధికభాగము పలుగురాతి పొరలలో సూక్ష్మ రేణువులుగా, భూమి లోలోతున నున్నది. గట్లపై ఇనుపరాతి పొరలు గలవు. గనుల ప్రక్కన సయనైడు దిబ్బలు కొండలవలె నిలిచియున్నవి. వానిలో బంగారపు శేషము కలదు. అయినను ఆ దిబ్బలపై ఎంతటి యంత్రమును నడిపించినను, రేణువు అతిసూక్ష్మ మగుటచే, బంగారపు పలుకు వినబడదు. గడ్డలు దొరకు ఆస్ట్రేలియా నేలకు పుట్టిన సాధనము పొడి దొరకు కోలారు నేలకు చాలదు. పైగా మన దేశమున 1957 నాటి గనుల, ఖనిజముల చట్టము ననుసరించి, అనుమతి లేక బంగారము నన్వేషింపరాదు. ఈ రెండును ఎరుగక కష్టార్జితమును యంత్రమునకు వెచ్చించువాడు ధనమును పోగొట్టుకొనుటయే గాక నేరస్థుడు సైతము కాగలడు.

కోలారు చరిత్రను చెప్పునపుడు వారెను పేరును లావెల్ పేరును తరచుగా వినబడును. వారిరువురును అన్వేషకులే, సందేహము లేదు. కాని వారెనునకు మట్టి చూపినవారు మారికుప్పపు గుంతలలో దిగినవారును, బండపై రాళ్లు పొడిగొట్టిన స్త్రీలును. ఏ మట్టిని కడుగవలెనో, ఏ రాతిని పగులగొట్టవలెనో వారికి తెలియును. ఆ తెలివి మాటలలో నిలిచియుండును. మట్టి రంగులకు, రాళ్ల జాతులకు, గాలించు పనిముట్లకు ఆ సీమలోని తెలుగు, కన్నడ, తమిళ కుటుంబముల వృద్ధులు వాడు పేర్లను సేకరించి వ్రాసియుంచుట ఇప్పుడు చేయదగిన పని. గని మూతపడినను బంగారము భూమిలో నుండును. మాట యెరిగిన వృద్ధుడు గతించినచో ఆ మాటను ఏ యంత్రమును వెదకి తీయజాలదు.