టాకీసుల ముచ్చట

మీరు ఫోన్ల సినిమా సూస్తరు బిడ్డా, ఆపుకుంట, మల్ల నడుపుకుంట. మా కాలంల బొమ్మ రావాలంటే ఎదురుసూసుడే. పట్నంల ఆడినంక రీలు పెట్టెలు కరీంనగర్‌కచ్చేటియి. ఆడికెల్లి జగిత్యాల, మంచిర్యాల. ఆఖరికి ఊళ్లె డేరా టాకీసు. గప్పటికి రీలంత గీతలు, సగం పాటలు తెగిపొయ్యేటియి. అయినా సూసెటోళ్లం.

నాట్లయినంక ఎడ్లబండ్లు కట్టుకొని మొదటాటకు పోయేది. ఘంటసాల ఎంకటేశ్వరస్వామి పాట రికార్డేసిండ్రంటే టికెట్లిచ్చుడు షురువైనట్టే. నేల, బెంచి, కుర్చీ. ఊళ్లె దొర గడీ ముంగట చెప్పులు చేతవట్టుకొని నడిచినోళ్లం మేము. టాకీసుల మాత్రం పైసలిచ్చినంక లేవుమనెటోడు లేడు. నేల మీదనే కూసున్నం గని తలెత్తి కూసున్నం. నాకు టాకీసంటే గందుకే పానం. 1978ల దొరల మీద రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర అయింది. 1980ల ‘మా భూమి’ సినిమా వచ్చింది. తెర మీద మన మాట, మన గడీలు, గద్దరన్న పాట! పక్కన కూసున్న ముసలోళ్లు కండ్లు తుడుసుకున్నరు.

గదే 1980 ఏటి ఫాల్కే అవార్డు పైడి జైరాజ్‌కు ఇచ్చిండ్రు. కరీంనగర్లనే పుట్టి, మూగబొమ్మల కాలంల బొంబాయికి పోయి హీరో అయినోడు. ఆయన పేరు మనోళ్లకే ఎరుక లేదు, నాకు మస్తు బాధైతది.

జనానికి సినిమా మీద మనసిరిగి టాకీసులు మూతవడ్డయంటరు. నేనొప్పుకోను. వీడియోలచ్చినయి, 1995ల ఈటీవీ, జెమినీ ఇంట్లకే వచ్చినయి. అయినా పెద్ద హీరో బొమ్మకు లైను తగ్గలే. పెట్టెలు పోయి డిజిటలచ్చినంక పట్నంల పడ్డ పొద్దే మన తాన పడ్డది. సంబురపడ్డం. కని అంతట ఒక్కసారే పడవట్టె, వంద రోజుల బొమ్మ రెండు వారాలకచ్చింది. మూడో వారం గంత పెద్ద హాలు ఎట్ల నిండాలె? కరెంటు బిల్లు, నౌకర్ల జీతాలు ఆగుతయా? మల్టీప్లెక్సుకు టికెట్ల మీద వాటా ముడుతది, ఒక్క తెరోళ్లల్ల చానమందికి కిరాయే దిక్కు. 2024 మే నెలల జనం రాక రాష్ట్రమంత ఒక్క తెర టాకీసులు పది రోజులు బందువెట్టిండ్రు. 2025ల గా వాటా కొరకే మల్ల కొట్లాట. నడి ఊళ్లె జాగ ధర చూస్తే ఆకాశంల ఉన్నది, ఇగ ఫంక్షన్ హాలో, దుకాండ్లో కట్టుకుంటున్నరు.

ఆపరేటర్లను తలుసుకుంటె కడుపుల దేవినట్టయితది. ప్రొజెక్టర్ల కార్బన్ పుల్లలు దగ్గరికి జరుపుకుంట, చెమటలు కార్చుకుంట ఏండ్లకేండ్లు గా అర్రల్నే బతికిండ్రు. డిజిటలచ్చినంక వాళ్ల పని ఎవలకూ అక్కర రాలే.

కొన్ని టాకీసులు ఇంక ఆడుతున్నయి. దసరాకు పోదాం పాండ్రి, టికెట్లు నేను తీస్త.