ద్వితీయ ప్రపంచసంగ్రామము - సామ్రాజ్యక్షయము : జనగామ సీమ సాక్ష్యము

మహాయుద్ధములు వలససామ్రాజ్యముల క్షయమునకు కారణము లగునని చెప్పుట చరిత్రకారులకు పరిపాటి. ఆ మాటను మనమును తరగతులలో ఏటేట చెప్పుచునే యున్నాము. కాని యుద్ధము ఏ మార్గమున సామ్రాజ్యమును సడలించినది, ఆ సడలిక ఒక పల్లెలో ఏ రూపమున కానవచ్చినది అని విద్యార్థి ప్రశ్నించినచో, మన సమాధానము లండను, ఢిల్లీ నగరముల యొద్దనే ఆగిపోవును. అట్లే తెలంగాణ రైతాంగపోరాటమును బోధించునపుడు దేశముఖు, గడి, వెట్టి అను మూడు మాటలతో ముగించి, దానిని ప్రపంచచరిత్రతో పొత్తులేని స్థానికకలహముగా మిగిల్చుచున్నాము. ఈ రెండును వేఱు పాఠములు కావని మా అభిప్రాయము. దంతాలపల్లి మొదలు పాలకుర్తి, దేవరుప్పుల వఱకు గల సీమ ఇందుకు సాక్ష్యము. నేడు మహబూబాబాదు, జనగామ జిల్లాలకు చెందిన ఈ గ్రామములు నిజాము కాలమున వరంగల్లు, నల్గొండ జిల్లాల సరిహద్దున ఉండెడివి. జనగామ తాలూకా అప్పుడు నల్గొండ జిల్లాలోనిది.

మొదట ఒక ఆక్షేపణను పరిశీలింపవలెను. యుద్ధమే సామ్రాజ్యమును కూల్చునేని 1914-18 నాటి యుద్ధము బ్రిటిషు సామ్రాజ్యమును ఏల కూల్చలేదు? కూల్చకపోగా ఇరాకు, పాలస్తీనా, టాంగన్యీకాలు దాని చేతికి వచ్చినవి. ధనమును, సైన్యమును సమకూర్చిన నిజాము ఉస్మాన్ అలీఖానునకు 1918లో బ్రిటిషు ప్రభుత్వమునకు విశ్వాసపాత్రుడైన మిత్రుడన్న బిరుదు లభించినది. ఆ యుద్ధానంతరము తెలుగుసీమ ఊరకుండలేదు. చీరాల-పేరాల ప్రజలు 1921లో ఇండ్లు విడిచి పోయిరి, 1922లో మన్యమున అల్లూరి సీతారామరాజు ఆయుధము పట్టెను. అయినను దొరతనము మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును రప్పించి, 1924 నాటికి మన్యమును అణచివేయగలిగినది. ఆ యుద్ధము సామ్రాజ్యము ప్రతిష్ఠకు గాయము చేసినదే కాని, దాని చేతిని విఱువలేదు. యుద్ధమునకు పిదప పాలకునికి బలమెంత మిగిలినది, పాలితునికి సహన మెంత మిగిలినది అను రెండు ప్రశ్నలను కలిపి అడిగినగాని ఈ విషయము తేలదు.

రెండవ యుద్ధమున ఆ రెండును ఒక్కసారే తఱిగినవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను పడిపోయినవి. ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై, కాకినాడపై జపాను విమానములు బాంబులు వేసినవి. రంగూను రేవులో, బియ్యపుమిల్లులలో కూలిచేసి బ్రతికిన తెలుగువారు వేలకువేలు అరకాను, మణిపురము దారుల కాలినడకన తరలివచ్చిరి. దారిలో రాలిపోయినవారు ఎందఱో. రక్షింపలేని ప్రభువును కన్నులార చూచినవారు వీరు. అయితే బర్మాతో పోయినది ప్రతిష్ఠ మాత్రమే కాదు. ఏటా పదిలక్షల టన్నులకు మించి వచ్చుచుండిన బియ్యము ఆగిపోయినది. మఱుసటి యేడు వంగదేశమున కఱవు ముప్పది లక్షల ప్రాణములను బలిగొనినదని పలువురి అంచనా.

సముద్రమెఱుగని జనగామ సీమకు యుద్ధము ప్రవేశించిన ద్వారమిదియే. విదేశపు బియ్యము రాకపోగా, పట్టణములకును సైన్యమునకును తిండి స్వదేశపు కల్లములనుండియే రావలసివచ్చెను. బ్రిటిషిండియాలో వలె నిజాము రాజ్యమునను నిర్బంధ ధాన్యసేకరణ మొదలయ్యెను. ప్రతి రైతును సాగుభూమిని బట్టి నిర్ణయించిన ధాన్యమును సర్కారు ధరకే అమ్మవలెను. బజారుధర దానికి ఎంతో పైన నుండెడిది. ఆంగ్లమునుండి వచ్చిన 'లెవీ' అను మాట, ఉర్దూ 'గల్లా'తో జతగూడి, 'లెవీగల్లా'గా అక్షరము రానివారి నోటను నిలిచినది. మా యెఱుకలో ఈ సీమకు ప్రపంచయుద్ధము మిగిల్చిన పెద్ద పదసంపద ఇదియే. నిఘంటుకారులు దీనిపై దృష్టి నిలుపుట మంచిది.

కాగితముపై లెవీ అందఱికిని సమానమే. ఆచరణమున లెక్క వ్రాయువాడు పట్వారీ, వసూలునకు తోడుపడువాడు పటేలు. ఈ వతనులు తఱచుగా దేశముఖు బంధువర్గముననో, ఆశ్రితులయందో ఉండెడివి. వేలయెకరాల దొర పంట లెక్కలోనికి రాకపోవుటయు, రెండెకరాల తరి గలవాని గింజలు విత్తనముతో సహా కొలువబడుటయు ఇందువలననే. కల్లము ఊడ్చియిచ్చిన రైతు మరల తిండికై ఆ దొర యొద్దకే పోయి హెచ్చుధరకు కొనవలెను, లేదా నాగుకు తెచ్చుకొనవలెను. పాత వెట్టి రైతు శ్రమను దోచినది; లెవీ అతని గాదెలో చేయిపెట్టినది. అంతకుముందు దూరమున నున్న సర్కారును, దాపున నున్న దొరను రైతు వేఱు వేఱుగా చూచెడివాడు. సర్కారు తరాజు దొర మనుషులతో కలిసి కల్లములోనికి వచ్చిన నాడు ఆ భేదము చెఱిగిపోయినది. ఈ యొక్క మార్పును గుర్తింపక 1946ను అర్థము చేసికొనుట దుర్లభమని మా తలంపు.

రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభ పిదప ఊరూర 'సంఘములు' ఏర్పడినవి. యుద్ధమును ప్రజాయుద్ధమని సమర్థించుచుండిన కమ్యూనిస్టులే ఆ యుద్ధము తెచ్చిన లెవీలోని అన్యాయమును పల్లెలలో ఎదిరింపవలసివచ్చుట చరిత్రలోని చిత్రము. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుపొలమును విసునూరు దేశముఖు మనుషులు కోయరాగా, సంఘమువారు వారిని తఱిమి పంటను ఆమె యింటికి చేర్చిరి. 1946 జూలై 4న కడవెండిలో గడిముందు సాగుచున్న ఊరేగింపుపై కాల్పులు జరిగినవి. దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. అటుపిమ్మట పోరాటము వందలకొలది గ్రామములకు ప్రాకినది.

ఇట్టి తిరుగుబాటును అణచుటకు నిజామునకు పూర్వమొక ఏర్పాటుండెను. 1800 నాటి సైన్యసహకార సంధి ప్రకారము, గద్వాల, సురపురము జమీందారులుగాని, ఇతర ప్రజలుగాని కప్పము ఎగవేసినను, తిరుగుబాటు చేసినను, కంపెనీ సైన్యము నిజాము సైన్యముతో కలిసి వారిని లోబఱుపవలెను. ఆ సైన్యము పోషణకై నిజాము దత్తమండలములను ధారపోసెను. నిజాము సింహాసనమునకును, దాని నీడన దొర గడికిని వెనుక నిలిచిన తుది బలమిదియే.

1946లో ఆ బలమెక్కడ? యుద్ధాంతమునకు బ్రిటను మనదేశమునకు సుమారు 130 కోట్ల పౌనులు బాకీపడినది. ఒకనాటి ఋణదాత ఋణగ్రస్తుడయ్యెను. 1945 డిసెంబరున అమెరికా యొద్ద 375 కోట్ల డాలర్ల అప్పునకు ఒడంబడిక వ్రాసికొనవలసివచ్చెను. 25 లక్షలకు పెరిగిన భారతసైన్యముపై నమ్మకమును ఎఱ్ఱకోట విచారణలు, 1946 ఫిబ్రవరి నావికుల తిరుగుబాటు కదలించివేసినవి. 1946 మే 12 నాటి పత్రములో బ్రిటిషు ప్రభుత్వము, భారతదేశము స్వతంత్రమైన పిదప సంస్థానములపై సార్వభౌమాధికారపు బాధ్యతలను తాము నెఱవేర్ప జాలమనియు, అందుకై బ్రిటిషు సైన్యము ఇచట నిలుపబడదనియు తెల్పెను. కడవెండిలో తుపాకి ప్రేలుటకు అప్పటికింకను రెండు నెలలైనను లేదు. కొమరయ్యతో నడిచినవారు ఆ పత్రమును చదివియుండరు, చదువనక్కఱయు లేదు. ఒకే యుద్ధము ఒకవైపు వారిని వీథిలోనికి తెచ్చినది, మఱొకవైపు వారిపైకి రాదగిన దండును తొలగించినది.

తరువాతి కథ విదితమే. 1947 ఆగస్టు 15తో సార్వభౌమాధికారము అంతరించినది. స్వతంత్రుడ నైతినని తలచిన నిజామునకు సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రహస్యముగా ఆయుధములు చేరవేసెను; ఆ విమానములును యుద్ధకాలపు లాంకాస్టరు బాంబరులనుండి రూపొందినవే. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము షోలాపురము, బెజవాడల వైపునుండి ప్రవేశించి అయిదు దినములలో నిజామును లొంగదీసినది. గడి దొరలలో పలువురు ఆ సైన్యము వెంట గ్రామములకు మరలివచ్చిరి. 1800 సంధిలోని పని మఱొక జెండా క్రింద జనగామ సీమలో కొనసాగి, 1951 అక్టోబరున పోరాట విరమణ ప్రకటింపబడువఱకు నడిచినది.