ఛాతీ మంట కథలో ఒక పడవ కూలీ

1825 ఆగస్టు 1, మధ్యాహ్నం పన్నెండు గంటలు. అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఒక పట్టుదారం తీసుకుని, దానికి కాస్త కాస్త ఎడంగా గొడ్డు మాంసం, పంది మాంసం, నిల్వ రొట్టె, పచ్చి క్యాబేజీ ముక్కలు కట్టాడు. అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పడవ కూలీ పొట్టకున్న రంధ్రంలోంచి ఆ దారాన్ని నేరుగా జీర్ణాశయంలోకి దించాడు. ఆ ప్రయోగానికి రెండు వందల ఏళ్లు నిండాయి. రాత్రి భోంచేసి నడుం వాల్చగానే గొంతుదాకా ఎగదన్నే పుల్లటి నీళ్ల గురించీ, ఛాతీలో మంట గురించీ మనకు తెలిసినదానికి పునాది పడింది ఆ దారంతోనే. ఆ కూలీ పేరు మాత్రం మందుల షాపులో గ్యాస్ మాత్రలు కొనుక్కునే మనలో ఎంతమందికి తెలుసు?

బాధ కొత్తది కాదు. వెయ్యేళ్ల కిందటే ఆయుర్వేద వైద్యుడు మాధవకరుడు తన నిదాన గ్రంథంలో అమ్లపిత్తానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పైకి ఎగదన్నేది ఊర్ధ్వగం, కిందికి దిగేది అధోగం అని రెండుగా విడదీశాడు. పుల్లటి తేన్పులు, గుండెలోనూ గొంతులోనూ మంట, అన్నం సహించకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. రోగి పక్కన కూర్చుని చూసిన వైద్యుడే అలా రాయగలడు. అయితే పొట్ట లోపల ఏం జరుగుతోందో కళ్లారా చూసే దారి అప్పటికి ఎవరికీ లేదు. అందుకని ఇక్కడినుంచి ఏకంగా వెయ్యేళ్లు దాటేద్దాం.

పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా పండితులు పెద్ద తగువులో ఉన్నారు. అన్నం కడుపులో నలుగుతుందా, ఉడుకుతుందా, కుళ్లుతుందా, కరుగుతుందా? ఫ్రాన్సులో రెయోమూర్ 1752లో ఒక గద్ద చేత మాంసం పెట్టిన లోహపు గొట్టాలు మింగించాడు. మాంసం నలిగే వీల్లేకపోయినా కరిగింది. ఇటలీలో స్పలాంజాని గుడ్డ సంచుల్లో ఆహారం కుట్టి తానే మింగాడు. 1824లో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్ జీర్ణాశయంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని ప్రచురించాడు. చాలామంది నమ్మలేదు. అంత ఘాటైన ఆమ్లం ఒంట్లో ఉంటే మనిషి బతుకుతాడా అన్నది వాళ్ల అనుమానం.

ఆ అనుమానం తీర్చింది పండితుడు కాదు, పొట్ట చేతబట్టుకుని కెనడా నుంచి వచ్చిన ఒక నిరక్షరాస్యుడు.

హ్యూరాన్, మిషిగన్ సరస్సులు కలిసేచోట మాకినా అని చిన్న దీవి ఉంది. చలికాలమంతా అడవుల్లో పోగేసిన జంతు చర్మాలను ఎండాకాలంలో పడవల్లో అక్కడికి చేరవేసేవారు. 1822 జూన్ 6 ఉదయం అమెరికన్ ఫర్ కంపెనీ దుకాణంలో ఎవరి చేతిలోనో తుపాకీ పేలింది. గుళ్లు దగ్గరే ఉన్న సెయింట్ మార్టిన్ ఎడమ పక్కన దిగాయి. పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తి ముక్క బయటికి వచ్చింది, పొద్దున తిన్నది గాయంలోంచి కారిపోయింది. బతకడనే అనుకున్నాడు బోమాంట్. బతికాడు. రెండు వారాలకు పైగా ఏది మింగినా ఆ రంధ్రంలోంచే బయటపడేది. నెలలు గడిచి గాయం మానింది కానీ రంధ్రం మూసుకోలేదు. జీర్ణాశయం అంచు పక్కన చర్మానికి అతుక్కుపోయింది. తరవాత లోపలి పొర ఒక మడతలా పెరిగి రంధ్రానికి మూతలా నిలిచింది. వేలితో నొక్కితే తెరుచుకునేది.

1823 వసంతంలో ఇతన్ని ఇక పోషించలేమని, కెనడా పంపేస్తామని అక్కడి అధికారులు తేల్చేశారు. బోమాంట్ తన ఇంటికి తీసుకెళ్లాడు. ఇక్కడ ఆ డాక్టరును మెచ్చుకోకుండా ఉండలేను. కానీ ఆ ఇంట్లోనే సెయింట్ మార్టిన్ కట్టెలు కొడుతూ, బరువులు మోస్తూ పనివాడయ్యాడు. కొన్నాళ్లకు ప్రయోగ వస్తువూ అయ్యాడు.

ఇక ఆ ఆగస్టు మధ్యాహ్నం. ఒంటిగంటకు దారం లాగి చూస్తే క్యాబేజీ, రొట్టె సగం కరిగాయి, మాంసం చెక్కుచెదరలేదు. రెండింటికి క్యాబేజీ, రొట్టె, పంది మాంసం, ఉడికించిన గొడ్డు మాంసం దారం మీద ఆనవాలు లేవు. మిగతా గొడ్డు మాంసం ముక్కలు దాదాపు అలాగే ఉన్నాయి. ఆ తరవాత సెయింట్ మార్టిన్‌కు కడుపులో బాధ, తలనొప్పి మొదలయ్యాయి. దానికి మందు మాత్రలు కూడా బోమాంట్ ఆ రంధ్రంలోంచే వేశాడు. నోటితో మింగమని ఇవ్వాలన్న ఆలోచన రాలేదో, వచ్చినా వద్దనుకున్నాడో! ఈ ఒక్క వివరం చాలు, ఆ ఇద్దరి సంబంధం ఎలాంటిదో తెలియడానికి.

బోమాంట్ ఇంకో పని చేశాడు. ఖాళీ కడుపు లోపలి గోడను ఆ రంధ్రం గుండా నాలుకతో తాకి రుచి చూశాడు. పులుపు లేదు. లోపల ఆహారం పడ్డాక చూస్తే పులుపు తగిలింది. అంటే ఆమ్లం ఎప్పుడూ నిలవ ఉండేది కాదు, తిండి వచ్చినప్పుడు ఊరేది. సెయింట్ మార్టిన్ కోపంగా ఉన్నప్పుడు జీర్ణం దెబ్బతినేదని కూడా రాసుకున్నాడు. ఆ కోపం ఎందుకొచ్చిందో మాత్రం అంత శ్రద్ధగా పరిశీలించినట్టు కనబడదు.

సెయింట్ మార్టిన్ కెనడా వెళ్లిపోయాడు, పెళ్లి చేసుకున్నాడు, మళ్లీ పడవ పనికి కుదిరాడు. 1829లో పెళ్లాం పిల్లలతో మిసిసిపీ ఒడ్డున ఉన్న సైనిక కోటకు తిరిగొచ్చాడు. 1832లో ఏడాదికి 150 డాలర్లు, తిండి, బట్ట, వసతికి ఒప్పందం రాసుకున్నారు. సంతకం రాదు కనుక గుర్తు పెట్టాడు. ఆ మరుసటి ఏడాదే బోమాంట్ పుస్తకం అచ్చయింది. రెండు వందలకు పైగా ప్రయోగాలు, 51 నిర్ధారణలు. ప్రౌట్ చెప్పింది నిజమని తేలింది. తరవాత ఎన్ని ఉత్తరాలు రాసినా సెయింట్ మార్టిన్ మళ్లీ రాలేదు. 1853లో బోమాంట్ చనిపోయాడు. సెయింట్ మార్టిన్ 1880 దాకా బతికాడు. పెద్ద వైద్యుడు విలియం ఆస్లర్ ఆ జీర్ణాశయం కోసం ఎదురుచూస్తున్నాడు. కుటుంబం ఒప్పుకోలేదు. శవం పాడయ్యేదాకా ఇంట్లోనే ఉంచి, ఎనిమిది అడుగుల లోతు గొయ్యిలో పూడ్చారు. అప్పటికే ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ ఇచ్చాడతను. ఆ కుటుంబం చేసిన పని నాకు నూటికి నూరుపాళ్లు న్యాయంగా తోస్తుంది.

ఇంతకీ ఛాతీ మంటకు దీనితో ఏం సంబంధం? ఆ ఆమ్లం ఊరే కడుపు గోడకు జిగురు పొర రక్షణ ఉంది. అన్నవాహికకు అలాంటి రక్షణ లేదు. తప్పు ఆమ్లానిది కాదు, అది చేరిన చోటుది. ఈ మాట వైద్యంలో స్థిరపడడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1935లో న్యూయార్క్ వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టైన్, అన్నవాహిక వాపుకు జీర్ణరసమే కారణమై ఉండొచ్చని రాశాడు. 1951లో వైద్యుడు ఫిలిప్ ఆలిసన్, కడుపు పైభాగం ఉదరవితానం (డయాఫ్రం) దాటి పైకి జారడమే మూలం అన్నాడు. కాదు, అన్నవాహిక అడుగున ఉన్న కండర వలయం బలహీనపడడమే మూలమని తరవాతివాళ్లు అన్నారు. కానీ కొలిచి చూస్తే చాలామంది రోగుల్లో ఆ వలయం బిగువుగానే ఉంది!

1980ల నాటికి జాన్ డెంట్ తదితర పరిశోధకులు చిక్కు విప్పారు. కడుపు ఉబ్బినప్పుడు గాలిని తేన్పుగా పంపడానికి ఆ వలయం మింగకపోయినా తనంతట తాను పది సెకన్లకు పైగా సడలుతుంది. ఇది అందరికీ జరిగేదే. రోగుల్లో గాలితోపాటు ఆమ్లమూ పైకొస్తుంది. అన్నం తిన్నాక ఆమ్లం పలచబడాలి కదా, మంట అప్పుడే ఎందుకు? 2001లో గ్లాస్గో పరిశోధకులు జవాబు చెప్పారు: కొత్తగా ఊరిన ఆమ్లం తిన్నదానిలో కలవకుండా పైన, సరిగ్గా ఆ వలయం దగ్గరే తేలుతుంది. రాత్రి పదింటికి కడుపునిండా తిని వెంటనే పడుకునేవాళ్లకూ, కడుపు మీద ఒత్తిడి పెరిగే బొజ్జ ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ ఎందుకు ఎక్కువో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మందులూ వచ్చాయి. జేమ్స్ బ్లాక్ బృందం తెచ్చిన సిమెటిడిన్ 1976లో, ఒమెప్రజోల్ 1988లో. ఒమెప్రజోల్ జాతి మాత్రలు పనిచేస్తున్న ఆమ్ల పంపులనే ఆపుతాయి కనుక తిండికి అరగంట ముందు వేసుకోవాలి. మన ఇళ్లలో మంట మొదలయ్యాక వేసుకుంటారు. అంతకంటే భయం కలిగించేది ఇంకొకటి: ఛాతీలో నొప్పి వస్తే గ్యాసేలే అని సోడా తాగి పడుకోవడం. గుండెపోటు కూడా అచ్చం అలాగే మొదలవ్వచ్చు. చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే మాత్రలు వెతుక్కోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంత తేలాక కూడా 2016లో డాలస్ వైద్యులు పాత నమ్మకాన్ని కదిపారు. అన్నవాహిక వాపు మందులతో తగ్గిన పన్నెండు మందికి రెండు వారాలు మాత్రలు ఆపి, అన్నవాహిక పొర ముక్కలు తీసి పరీక్షించారు. ఆమ్లం కాల్చితే పుండు పైపొరలో మొదలవ్వాలి. వాళ్లకు కనబడింది వేరు: లోపలి పొరల్లో రోగనిరోధక కణాలు ముందే మూగి ఉన్నాయి, పైపొర చాలావరకు బాగానే ఉంది. ఆమ్లం నేరుగా కాల్చడం కాక, కణాలను రెచ్చగొట్టి వాటిచేత వాపు పుట్టిస్తోందేమో అని వాళ్లు ప్రతిపాదించారు. అదే నిజమైతే, ఆమ్లాన్ని అణచడం ఒక్కటే కాక ఆ కణాల పిలుపును ఆపే మందుల కోసమూ వెతకాలి.