నాణేలకు దిల్ వచ్చిన తారీఖ్

ఒకే షహర్‌లో మొహల్లాలు వేరువేరుగా ఎందుకు చీలిపోతాయి? అమెరికాలో థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త ఈ సవాల్‌కు జవాబ్‌ను గళ్ళ పలక మీద వెతికాడు. రెండు రకాల నాణేలు పేర్చాడు. నియమం ఒక్కటే: ఇరుగుపొరుగులో మూడోవంతు నా వాళ్ళుంటే చాలు, లేకుంటే ఖాలీ గడికి వెళ్ళిపోతా. ఏ నాణేనికీ నఫ్రత్ లేదు. అయినా పలక గుంపులు గుంపులుగా చీలిపోయింది. 1971లో ఆయన దీన్ని వివరంగా ప్రచురించాడు.

తర్వాత ఈ ఆట కంప్యూటర్‌లోకి వచ్చింది. మొదట్లో ప్రతి పరిశోధకుడూ ప్రోగ్రాం మొత్తం తానే రాసుకోవాల్సి వచ్చేది. ఆ మెహనత్ తగ్గించడానికే 1990లలో శాంటాఫే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్ లాంగ్టన్ బృందం 'స్వార్మ్' తయారుచేసింది. 1999లో ఉరి విలెన్‌స్కీ 'నెట్‌లోగో' తెచ్చాడు. అది ముఫ్త్, బడిపిల్లలూ నేర్చుకోవచ్చు. షెల్లింగ్ మొహల్లా అందులో సిద్ధంగానే ఉంది.

కానీ ఇన్సాన్ నాణెం కాదు కదా! ఆలోచిస్తాడు, పొరబడతాడు. మనసులో కోరుకోవడం వేరు, చేద్దామని నిశ్చయించుకోవడం వేరు అని 1987లో ఫిలాసఫర్ మైఖేల్ బ్రాట్‌మన్ రాశాడు. ఆ మాట పట్టుకుని ఆనంద్ రావు, మైఖేల్ జార్జెఫ్ సాఫ్ట్‌వేర్ బొమ్మలకు మూడు గదుల దిమాగ్ గీశారు. మన జబాన్‌లో చెప్పాలంటే యకీన్, ఖ్వాహిష్, ఇరాదా.

దీని ఫాయిదా ఆపదలో తెలుస్తుంది. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా కార్చిచ్చుల్లో 173 మంది చనిపోయారు. తర్వాత పరిశోధకులు అక్కడి జనం చెప్పుకున్న మాటల ఆధారంగా 'గామా' అనే వేదికపై బొమ్మల్ని తయారుచేశారు. మంట ఒకటే. 'ఇక్కడిదాకా రాదు' అని యకీన్ ఉన్నవాడు ఆగిపోతాడు, ఇల్లు కాపాడుకోవాలన్నవాడు నీళ్ళు పడతాడు, ఇంకొకడు కారెక్కుతాడు.

అయితే బొమ్మ దిల్‌లో ఏముండాలో రాసేది మనిషే. షెల్లింగ్ పలకలో ఖాలీ గడి ఎవరికైనా ఖాలీయే. టులెట్ బోర్డు చూసి తలుపు తట్టి, పేరు చెప్పగానే 'ఇల్లు ఇచ్చేశాం' అనిపించుకున్నవారికి అసల్ సంగతి తెలుసు. షెల్లింగ్ ఆ వివక్ష లేదనలేదు, తన లెక్కలోంచి పక్కన పెట్టాడంతే. కానీ బొమ్మ ఒక్కటే చూపించి 'ఎవరి కసూరూ లేదు' అనేవారికి కొదవలేదు.

మీ పిల్లలు నెట్‌లోగో నేర్చుకుంటే ఒక పని చెప్పండి. ప్రతి ఖాలీ గడికీ ఒక మకాన్‌దార్‌ను పెట్టమనండి, కాదనే ఇఖ్తియార్ వాడికి ఇమ్మనండి. తర్వాత ఆట నడిపి, రెండు పలకలూ పక్కపక్కన పెట్టి చూడండి.