తోడేలు - కృష్ణమృగము



ఉత్తరధ్రువ ప్రాంతమున తెల్లయెలుగుబంటి మంచుగడ్డలోని రంధ్రముచెంత గంటలకొలది కదలక పొంచియుండి, ఊపిరికై పైకివచ్చు సీలను జలజంతువును పట్టును. అట్టి యోపికను నేను బాల్యమున పెనుకొండ, ధర్మవరముల నడిమి బీళ్లలో కన్నులార చూచితిని. సంధ్యవేళ తోడేలొకటి మందకెదురుగా కనబడి పరుగిడెను. కాపరి కుక్కలతో దానిని తఱిమెను. అంతలో గట్టుచాటుననున్న రెండవది గొఱ్ఱెపిల్లను కఱచుకొనిపోయెను. కాపరి ఆ రాత్రి మందను మూడుమారులు లెక్కించెను.

తోడేలు మొదటినుండియు మందల దొంగయా? కాదు. బయలునేలలలో దాని సహజాహారము కృష్ణమృగము. హంపిలోని మహానవమి దిబ్బపై జింకలవేట చెక్కబడియున్నది. ఆ విజయనగర ప్రభువులే 1565లో తళ్లికోట యుద్ధానంతరము పెనుకొండను రాజధానిగా చేసికొనిరి. రాజులు వేటాడినను బీడు మిగిలెను. 20వ శతాబ్దమున అనంతపురము సీమయందు వేరుసెనగ వ్యాపించెను, బీడే తరిగెను. నాగలికి తోడు తుపాకియు చేరెను. జింక తగ్గినచోట తోడేలు గొఱ్ఱెను వెదకక యేమిచేయును?

కృష్ణమృగమును వేటాడు చీటా మన దేశమున అంతరించినట్లు 1952లో ప్రకటింపబడెను. తోడేలునకు ఆ గతి పట్టరాదని 1972 నాటి వన్యప్రాణి చట్టము దానిని, కృష్ణమృగమును కూడ రక్షించుచున్నది.

కాపరి నష్టము నష్టమే; దానిని అతడొక్కడే భరించుట న్యాయము కాదు. అయినను, హిందూపురము మొదలు ధర్మవరమువఱకు గల గ్రామముల పెద్దలారా, మిగిలిన బీడునైన దున్నక నిలుపుడు. అది మందకు మేత, జింకకు నెలవు. తోడేలును మందకు దూరముగా నుంచు కంచెయు నదియే.