అంకెకు తగిన కొలపాత్ర

మన యిండ్లలో గింజలు కొలుచుటకు సోల, తవ్వ, కుంచము అను పాత్రలు ఉండెడివి. సోలలో కుంచెడు బియ్యము పోసినచో పొర్లిపోవునని పసిపిల్లలకు సైతము తెలియును. అంతటి చిన్న సత్యమును మరచుటవలన ఒక మహాయంత్రము నింగిలో నశించిన చరిత్రను నేడు స్మరింతము.

కంప్యూటరు లోపల సున్న, ఒకటి అను రెండు గుర్తులు తప్ప వేరేమియు లేవు. ఒకే గుర్తుల వరుస ఒకచోట సంఖ్య కావచ్చును, వేరొకచోట అక్షరము కావచ్చును. అది యేదియో మనమే నిర్ణయింపవలెను. 1957లో ఐ.బి.యం. సంస్థయందు జాన్ బాకస్ బృందము వెలువరించిన ఫోర్ట్రాన్ భాష ఇందులకొక సులభోపాయమును చూపినది. పేరు ఐ మొదలు ఎన్ వరకు గల ఆరు ఇంగ్లీషు అక్షరములలో ఒకదానితో ఆరంభమైనచో అది పూర్ణసంఖ్య; కానిచో దశాంశభాగము గల సంఖ్య. 1960 నాటి ఆల్గాల్ భాష మరియొక మెట్టెక్కి, ప్రతి పేరుయొక్క జాతిని ముందుగానే ప్రకటింపవలెనని విధించినది. 1983లో ప్రమాణీకరింపబడిన ఆడా భాష ఈ కట్టుబాటును మరింత బిగించినది.

జాతి నిర్ణయమైనచో పాత్ర పరిమాణమును నిర్ణయమగును. ధన, ఋణ సంఖ్యలను పట్టు పదునారు బిట్ల పాత్రలో 32,767కు మించిన పూర్ణసంఖ్య ఇమడదు.

1996 జూన్ 4వ తేదీన దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానానుండి ఏరియన్-5 రాకెట్టు తొలిసారిగా ఎగసినది. దాని గమనమును కనిపెట్టు యంత్రమునకు ఆడా భాషలో వ్రాసిన ఆదేశములు పూర్వపు ఏరియన్-4 నుండి గ్రహింపబడినవి. కొత్త రాకెట్టుయొక్క అడ్డువేగము పాతదానికంటె మిక్కుటము. అందుచే 64 బిట్లలోని ఒక విలువను 16 బిట్లలోనికి మార్చబోగా అది పట్టలేదు. ఆడా ఆ దోషమును పసిగట్టినది. కాని దానిని సవరించు ఏర్పాటు లేనందున యంత్రము ఆగిపోయెను. తోడుగా నుంచిన రెండవ యంత్రము అదే కారణమున క్షణకాలము ముందే ఆగియుండెను. బయలుదేరి నిమిషమైనను గడువకముందే రాకెట్టు దారితప్పి, నాలుగు క్లస్టర్ ఉపగ్రహములతో సహా తునకలైనది.

విచారణలో తేలిన విషయము గమనింపదగినది. ప్రమాదమునకు అవకాశము గల విలువలు ఏడు. వానిలో నాలుగింటికి మాత్రమే రక్షణ కల్పించి, యంత్రముపై భారము పెరుగకుండుటకై మూడింటిని విడిచిరి. ఆ మూడును ఏరియన్-4 ప్రయాణములో ఎన్నడును హద్దు దాటవని వారి నమ్మకము. ఆనాటికది యథార్థమే.

భాష మనలను హెచ్చరింపగలదు. మన బదులు ఆలోచింపజాలదు. పాత కుంచమును కొత్త పంటకు వాడునపుడు మరల ఒకసారి కొలిచి చూచుకొనుట మన ధర్మము.