ఖత్ ఎవరి అమానత్? నిజాం డాక్ నుంచి దఫ్తర్ సర్వర్ దాకా

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ లాంటి చోట ఐదారు లినక్స్ కంప్యూటర్లతో నడిచే చిన్న దఫ్తర్‌ను ఊహించుకోండి. ఈమెయిల్‌కు, లోపలి కబుర్లకు ఏ సర్వర్ పెట్టుకోవాలి? ఇది ఇంజనీర్ల సవాల్ అనుకుంటాం. నేను అఖ్బార్ మనిషిని, నాకైతే ఇందులో తారీఖ్ కనిపిస్తుంది. ఖత్ అంటే అమానత్. ఆ అమానత్ ఎవరి చేతుల్లో ఉండాలన్నదే అసలు సంగతి.

మన ఇలాకాకు ఒకప్పుడు సొంత డాక్ ఉండేది. హైదరాబాద్ రియాసత్ తొలి స్టాంపు 1869లో వచ్చింది. 1871 నాటి స్టాంపుల మీద ఉర్దూ, తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు నాలుగూ కనిపిస్తాయి. రైతు ఆ లిపుల్లో ఏది చదివినా స్టాంపు ఖరీదు తెలిసేది. అయితే ఆ స్టాంపు రియాసత్ సరిహద్దు వరకే చెల్లుబాటు. అంటే మంచి డాక్‌కు రెండు షరతులు: మన లిపిని మోయాలి, బయటి డాక్‌తో కలవాలి. నిజాం డాక్ మొదటిది నెరవేర్చింది, రెండోదాని దగ్గర ఆగిపోయింది.

ఇంటర్నెట్ డాక్ ఇందుకు ఉల్టా. 1982లో ఎస్‌ఎంటీపీ నియమాలు వచ్చాయి. ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కైనా ఖత్ వెళ్లేది, కానీ మోసింది ఇంగ్లీషు అక్షరాలనే. 1992లో మైమ్ నియమాలు వచ్చాయి, అదే ఏడాది కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 తయారుచేశారు. ఉర్దూ, తెలుగు ఒకే ఖత్‌లో పక్కపక్కన కూర్చునే దారి అక్కడ మొదలైంది. అది మన దాకా రావడానికి మాత్రం చాలా జమానా పట్టింది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నేను, నౌకరీ తొలి రోజుల్లో ఉర్దూ ఖత్‌ను బొమ్మగా మార్చి పంపేవాణ్ని. అవతలివాళ్ల దగ్గర అదే ఫాంటు లేకపోతే తెలుగు కూడా గజిబిజి గీతలే.

ఇక సర్వర్ల సంగతి. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ రాజ్యమేలింది. దాన్ని సరిగ్గా అమర్చడం ఉస్తాదులకే చేతనయ్యేది. 1998లో వీట్సే వెనెమా పోస్ట్‌ఫిక్స్ తెచ్చి ఆ పనిని ఆసాన్ చేశారు. వచ్చిన ఖతులను భద్రపరిచి చూపించే డవ్‌కాట్ 2002లో వచ్చింది. వెంటనే చేరే కబుర్ల కోసం జెరెమీ మిల్లర్ జాబర్ మొదలుపెట్టారు. అదే తర్వాత ఎక్స్‌ఎంపీపీ అయింది. ఆ పద్ధతిలో నడిచే సర్వర్ ఈజాబర్‌డీ.

ఇక్కడే ఒక సబక్ ఉంది. 2005లో గూగుల్ టాక్ ఇదే ఎక్స్‌ఎంపీపీ మీద మొదలై, మరుసటి ఏడాది బయటి సర్వర్లకు దర్వాజా తెరిచింది. 2013లో దాని జాగాలో వచ్చిన హ్యాంగౌట్స్‌లో ఆ దర్వాజా లేదు. వాట్సాప్ కూడా ఈజాబర్‌డీ పునాది మీద పెరిగిందే, అయినా ప్రహరీ కట్టుకుంది. పెద్దవాళ్ల మెహర్బానీ మీద నడిచే డాక్ వాళ్ల మర్జీ ఉన్నన్నాళ్లే.

అందుకు జవాబుగా ఎబెన్ మోగ్లెన్ ఆలోచనతో డెబియన్ లినక్స్ మీద ఫ్రీడమ్‌బాక్స్ పుట్టింది. చిన్న పెట్టెంత కంప్యూటర్‌లో సొంత సర్వర్ అన్నమాట. మన తెలంగాణలో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఊళ్లకు ఇంటర్నెట్ అందించడానికి దీన్ని వాడారు. పెద్ద కంపెనీ కానవసరం లేదని దీంతో తేలింది.

కాబట్టి నా మష్వరా ఇది. లోపలి కబుర్లకు ఈజాబర్‌డీ పెట్టండి. బయటి ఇంటర్నెట్ ఆగినా దఫ్తర్ లోపల మాట ఆగదు. ఈమెయిల్‌కు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ జోడీ చాలు. చిన్న దఫ్తర్ నుంచి నేరుగా వెళ్లే మెయిల్‌ను పెద్ద సర్వర్లు తరచూ స్పామ్‌లో పడేస్తాయి కనుక, పంపే పని మాత్రం నమ్మకమైన రిలే సర్వీసుకు అప్పగించండి. వచ్చిన ఖతులు మీ డిస్కులోనే ఉంటాయి. రోజూ ఒక నకలు తీసి వేరే చోట దాచండి.

సొంత సర్వర్ అంటే ఖర్చు తక్కువని కొందరు సంబరపడతారు. నిజానికి జిమ్మేదారీ ఎక్కువ. అమానత్ మన దగ్గర ఉండాలని కోరుకుంటే, దాన్ని కాపాడే మెహనత్ కూడా మనదే.